ఉప్పునీటి ఆక్వేరియం – ఇసుక పరవని అడుగు

సముద్రపు చేపలను ఇంట పెంచదలచినవారు గాజు తొట్టిని కొన్న తరువాత మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం, అడుగున ఇసుక పరచడమా, మానడమా అన్నది. దుకాణంలో ఈ ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. తొట్టితో పాటు ఒక ఇసుక సంచిని కూడా చేతికి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయినది. ఇసుక లేకుండా అడుగును అలాగే వదిలివేసే పద్ధతిని ఈ రంగంలోనివారు బేర్ బాటమ్ అంటారు. తెలుగులో ఉత్త అడుగు అనుకోవచ్చును. ఆ పద్ధతి ఎట్లా వచ్చినది, ఎట్లా పనిచేస్తుంది, ఏ చేపలకు తగినది, ఏ చేపలకు ప్రాణాంతకమన్నది ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఇది అందచందాలకు సంబంధించిన ప్రశ్నగా పైకి కనబడుతుంది. నిజానికి ఇది మురికికి సంబంధించినది. సముద్రంలో చేప విసర్జించినది అలలతో ఎక్కడికో కొట్టుకొనిపోతుంది. తొట్టిలో వేసిన మేత, చేప మలము, చనిపోయిన నాచు, రాతి నుండి రాలిన పొట్టు ఇవన్నీ కలిసి గోధుమరంగు మడ్డిగా అడుగుకు చేరుతాయి. మనము తీసివేస్తే తప్ప అది బయటకు పోదు. ఇసుక ఉన్న తొట్టిలో ఆ మడ్డి రేణువుల సందులలోకి దిగి కంటికి మరుగవుతుంది. ఇసుక లేని తొట్టిలో మరునాటికే మూలన కుప్పగా కనబడుతుంది. ఉత్త అడుగు తొట్టి మురికిగా ఉన్నదని కొత్తవారు విసుగుకొనడం దీనివల్లనే. పక్కింటివారి ఇసుక తొట్టిలోనూ అంతే మడ్డి ఉన్నది, కనబడడం లేదు.

పూర్వాపరాలు

1960 ప్రాంతాలలో ఉప్పునీటి తొట్టెలలో ఎక్కువగా వాడినది అండర్ గ్రావెల్ ఫిల్టరు. అడుగున చిల్లుల పలకను పెట్టి, దానిపై గులకను పరచి, గాలి బుడగల సాయంతో నీటిని గులకలోంచి కిందికి లాగే ఏర్పాటు ఇది. మన ఊళ్ళలో మంచినీటి తొట్టెలు పెట్టినవారికి ఇది పరిచయమే. మడ్డిని లాగి గులకలో దాచిపెట్టడం తప్ప దానిని బయటకు పంపే మార్గం ఇందులో లేదు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రం నుండి తెచ్చిన జీవమున్న రాళ్ళు, కొద్దిపాటి గాలి బుడగలు, సూర్యరశ్మి ఉంటే చాలునని ఒక అమెరికా పత్రికలో వ్రాశారు. ఆనాడు దానిని పట్టించుకున్నవారు తక్కువ.

ఆ ఆలోచనకు యంత్రాన్ని జోడించినవారు జర్మనీలోని బెర్లిన్ నగరపు అభిరుచిపరులు. 1970, 1980 దశకాలలో రూపుదిద్దుకొన్న వారి పద్ధతికి బెర్లిన్ పద్ధతి అనే పేరు స్థిరపడినది. జీవమున్న రాళ్ళు, ప్రోటీన్ స్కిమ్మరు, బలమైన దీపాలు, పగడాలకు కావలసిన కాల్షియం కోసం సున్నపు తేట, ఇవే దాని అంగాలు. మన వంటింటి తాంబూలపు సున్నమూ ఆ తేట అడుగున ఉండే సున్నమూ ఒక్కటే, కాల్షియం హైడ్రాక్సైడు. బెర్లిన్ తొట్టెలలో ఇసుక ఉండేది కాదు, ఉంటే పలుచని పొరగా ఉండేది.

ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్సు, మొనాకోలలో పనిచేసిన జాన్ జోబేర్ ఇందుకు ఎదురుదారి పట్టారు. ఇసుక అడుగున ఖాళీ అర ఒకటి వదిలి, పైన మందపాటి ఇసుకను పరచి, ఆ ఇసుకలోని సూక్ష్మజీవులచేతనే నైట్రేటును హరింపజేశారు. 1990 దశకం చివర అమెరికాలో రాన్ షిమెక్ వ్రాతల ప్రభావంతో 10 నుండి 15 సెంటీమీటర్ల లోతు ఇసుక పరుపు ఇంటింటి పద్ధతి అయినది. కొన్నేళ్ళకు ఆ పరుపులు మడ్డితో నిండి, తొట్టెలలో నాచు పెరిగి, పగడాలు క్షీణించడం చూసిన పలువురు 2000 దశకం మొదటి సగంలో తిరిగి ఉత్త అడుగు వైపు మళ్ళారు. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ నీటిని తోసే ప్రొపెల్లర్ పంపులు అప్పుడే విరివిగా రావడం కూడా అందుకు దోహదం చేసినది. ఈనాడు రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవి. రెండింటిలోనూ చక్కని తొట్టెలు కలవు, చెడిన తొట్టెలూ కలవు.

ఇసుక లోపల జరిగేదేమి

చేపలు విడిచే అమ్మోనియాను ఒక తెగ బాక్టీరియా నైట్రైటుగాను, మరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. ఈ రెండు పనులకూ ఆమ్లజని కావాలి. ఇవి ఇసుక పైపొరలోనే కాక రాళ్ళపైన, గాజుపైన, ఫిల్టరులోను జరుగుతాయి. కనుక ఇసుక లేకపోతే అమ్మోనియా హరించదన్న భయానికి, తొట్టిలో తగినంత రాయి ఉన్నంతవరకు, ఆధారం లేదు.

ఇసుకకు ఉన్న అసలు ప్రయోజనం లోతున ఉన్నది. ఆమ్లజని చొరని పొరలలోని బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. ఇంకా లోతున, సేంద్రియ పదార్థం చాలా పేరుకొన్న చోట, మరో తెగ బాక్టీరియా సల్ఫేటును వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తాయి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది గనుక ముడిసరుకుకు కొదవ లేదు. ఇసుకలో నల్లని మచ్చలు, కెలికితే కుళ్ళిన కోడిగుడ్డు కంపు దీని గుర్తులు. కదలని ఇసుకలో ఆ వాయువు పైకి వచ్చే దారిలోనే చాలావరకు ఆమ్లజనితో కలిసి నశిస్తుంది. ప్రమాదమంతా కదిపినప్పుడే.

భాస్వరం కథ వేరు. నత్రజనికి వాయువుగా మారి వెళ్ళిపోయే దారి ఉన్నది, భాస్వరానికి ఆ దారి లేదు. మేతతో వచ్చిన ఫాస్ఫేటు కాల్షియం కార్బొనేటు ఇసుక రేణువులకు అంటుకొంటుంది. కొంతకాలం నీటి పరీక్షలో ఫాస్ఫేటు తక్కువగా చూపి యజమానిని సంతోషపెడుతుంది. రేణువులు పట్టగలిగినంత పట్టిన తరువాత, పెట్టుకొన్నదంతా మెల్లగా నీటికి తిరిగి ఇవ్వడం మొదలవుతుంది. నాలుగైదేళ్ళు బాగున్న తొట్టిలో కారణం తెలియకుండా నాచు విజృంభించడం వెనుక తరచు ఉన్న సంగతి ఇదే. ఇసుకను దొంగ పద్దుల చిట్టాతో పోల్చవచ్చునని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇసుక పక్షపాతులు ఒప్పుకొనరు.

ఉత్త అడుగు తొట్టిలో ఈ నిలువ ఉండదు. మడ్డి కుళ్ళకముందే దానిని తొలగించడమే అక్కడి సూత్రం. నీటి ఒరవడి మడ్డిని తేల్చి ఉంచుతుంది. సన్నని నురుగు బుడగలకు అంటుకొన్న సేంద్రియ పదార్థాన్ని స్కిమ్మరు గిన్నెలోకి ఎత్తిపోస్తుంది. మిగిలినది మనము గొట్టంతో పీల్చివేయాలి. కనుక ఉత్త అడుగు పని తగ్గించే ఉపాయం కాదు. ఆరేళ్ళకు ఒకసారి రాగల పెద్ద కష్టానికి బదులు వారం వారం చిన్న పనిని ఒప్పుకోవడం అది. వారానికి ఒకసారి చేయి తడుపుకొనే ఓపిక లేనివారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

సముద్రం దగ్గరే ఉన్నది కదా, ఇసుక తెచ్చుకొందాము

బరంపురం, ఛత్రపురం, యానాం, చెన్నై వంటి చోట్ల ఉన్న మనవారికి ఈ ఆలోచన సహజంగా వస్తుంది. ఆక్వేరియంలలో వాడే తెల్ల ఇసుక పగడపు, గవ్వల పొడి. అది కాల్షియం కార్బొనేటు. మన తూర్పుతీరపు ఇసుక అటువంటిది కాదు. కొండల నుండి నదులు మోసుకొచ్చిన క్వార్ట్జు అందులో ప్రధానం, దానితో ఇల్మనైటు, గార్నెట్, జిర్కాను, మోనజైటు వంటి బరువు ఖనిజాలు కలిసి ఉంటాయి. గంజాం జిల్లా ఛత్రపురం వద్ద కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఆ ఖనిజాల కోసమే తీరపు ఇసుకను తవ్వుతున్నది. ఇల్మనైటులో ఇనుము, మోనజైటులో థోరియం ఉంటాయి. పైగా జన సంచారమున్న తీరపు ఇసుకలో మురుగు, నూనె కలిసి ఉండే అవకాశం ఉన్నది. తొట్టికి ఇది తగదు.

ఇక దుకాణాలలో దొరికే పగడపు పొడి. 2001 జూలైలో కేంద్ర ప్రభుత్వం రాతి పగడాల జాతులన్నిటినీ, సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చినది. మన్నారు సింధుశాఖ నుండి గాని, అండమాన్, లక్షద్వీపాల నుండి గాని పగడాన్ని, పగడపు రాతిని తీయడం నేరం. ఎండిపోయిన పగడమైనా అంతే. సంచిలోని పొడి ఎక్కడిదో అమ్మేవాడు చెప్పలేకపోతే దానిని కొనకపోవడం ఉత్తమం. ఉత్త అడుగును ఎంచుకొన్నవారికి ఈ చిక్కే ఉండదు. పైన పగడపు తొట్టెల గురించి చెప్పినది విదేశాల అనుభవమే గాని, మన పాఠకులు అనుసరించవలసినది కాదు. మన ఇళ్ళకు తగినది చేపల తొట్టి. అందులోనూ హాచరీలో పుట్టిన క్లౌన్ చేపలు శ్రేష్ఠం. మండపం, విళింజం కేంద్రాలలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించినది. క్లౌన్ చేప గుడ్లు పెట్టేది గట్టి ఉపరితలం మీద. దానికి ఒక మట్టి పెంకు చాలును, ఇసుక అక్కరలేదు.

అమర్చుకొనే విధము

120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిని ఉదాహరణగా తీసుకొందాము. ఇది నిండుగా సుమారు 240 లీటర్లు పడుతుంది. దీనిలో 5 సెంటీమీటర్ల మందాన ఇసుక పరచాలంటే 27 లీటర్ల పరిమాణం, అంటే దాదాపు 35 నుండి 40 కిలోల ఇసుక కావాలి. ఉత్త అడుగులో ఆ ఖర్చూ, బల్లపై ఆ బరువూ తప్పుతాయి.

రాళ్ళు పెట్టడంలో మాత్రం జాగ్రత్త అవసరం. కొన కలిగిన రాయి గాజుపై నేరుగా నిలిస్తే బరువంతా ఒక బిందువుపై పడుతుంది, జారి పడితే అడుగు పగులుతుంది. ఇందుకు అడుగున హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలకను వేసే అలవాటు ఉన్నది. వంటింట కూరలు తరిగే తెల్లని ప్లాస్టిక్ పలకలు చాలావరకు ఆ పదార్థంవే. అది నీటికన్నా తేలిక గనుక ఊరక వదిలితే పైకి తేలుతుంది, సిలికాను జిగురు దానికి సరిగా పట్టదు. నీళ్ళు పోయకముందే పలకను వేసి, రాళ్ళ బరువుతో అదిమి ఉంచాలి. పలక కిందికి మడ్డి చేరుతుందన్నది దీనిపై ఉన్న న్యాయమైన ఫిర్యాదు. వ్యాసకర్తకు నచ్చిన మార్గం వేరు. పి.వి.సి. గొట్టపు ముక్కలను చిన్న కాళ్ళుగా చేసి, వాటిపై రాళ్ళను నాలుగు వేళ్ళ ఎత్తున నిలిపితే రాళ్ళ కిందనుంచి కూడా నీరు పారుతుంది, పీల్చే గొట్టం అంతటా దూరుతుంది.

రాయి కృత్రిమమైన సిరామిక్ రాయి కావచ్చును, సిమెంటుతో చేసినది కావచ్చును. సిమెంటు రాయిని వారాల తరబడి నీరు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే నీటి క్షారగుణం పెరిగిపోతుంది. ఎండు రాతిపై బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపేవరకు చేపను వేయరాదు. ఇసుక లేని తొట్టిలో బాక్టీరియాకు చోటు తక్కువ గనుక ఈ తొందర మరింత ప్రమాదం.

ఒరవడి విషయంలో ఇసుక తొట్టికి ఉన్న హద్దు దీనికి లేదు. ఇసుక ఉంటే పంపు బలం పెంచగానే దుమారం లేచి రాళ్ళపై పడుతుంది. ఉత్త అడుగు తొట్టిలో గంటకు తొట్టి పరిమాణానికి 30 రెట్లు, అంటే పై ఉదాహరణలో 7,200 లీటర్ల వరకు, నిశ్చింతగా నడపవచ్చును. చేపల తొట్టికి అంతలో సగమైనా సరిపోతుంది. పంపులను ఎదురెదురుగా తిప్పి చూసి, మడ్డి ఏ మూల కుప్పపడుతున్నదో గమనించి, ఆ మూల కుప్ప ఒక్కచోటనే పడేటట్లు సర్దుకోవాలి. అప్పుడు వారానికి పది శాతం నీరు మార్చేటప్పుడు ఆ ఒక్కచోట గొట్టం పెడితే పని ముగుస్తుంది. ఆవిరైన నీటికి బదులు పోయవలసినది ఆర్.ఓ. నీరు. ఉప్పు ఆవిరి కాదు గనుక ఉప్పునీరు పోయరాదు. బళ్ళారి, హోసూరు వంటి చోట్ల బోరు నీటిని నేరుగా వాడవద్దని వేరుగా చెప్పనక్కరలేదు.

కొత్త గాజు అడుగు అద్దంలా మెరిసి కొన్ని చేపలను బెదరగొడుతుంది. తొట్టిని బల్లపై నిలపకముందే అడుగు బయటివైపు ముదురు రంగు కాగితం అంటించినచో సరిపోతుంది. కొన్ని నెలలకు ఊదారంగు సున్నపు నాచు పరచుకొని అడుగు తానే కప్పబడుతుంది.

ఇసుక లేనిదే బతకని చేపలు

ఇది కొనకముందు తెలియవలసిన సంగతి. హాలికోరిస్ జాతి రాస్ చేపలు రాత్రివేళ ఇసుకలో పూడుకొని నిద్రిస్తాయి. భయం కలిగినా అందులోకే దూకుతాయి. ఉత్త అడుగున అవి గాజుకు మూతి కొట్టుకొని గాయపడతాయి. వాలెన్సియెనియా గోబీలు ఇసుకను నోటితో తీసుకొని మొప్పల గుండా వడగట్టి మేత ఏరుకొంటాయి. ఇసుక లేని చోట అవి నెలల తరబడి చిక్కి చనిపోతాయి, యజమానికి కారణం తెలియదు. బొరియ తవ్వుకొనే జాఫిష్, ఇసుకలో నిలువుగా పాతుకొని ఉండే తోట పాములనబడే ఈల్ చేపలు, ఇసుకను జల్లించే ఆస్ట్రోపెక్టెన్ నక్షత్రచేప కూడా ఈ కోవలోవే. మాండరిన్ చేప ఇసుకలో దూరదు గాని, అది తినే సూక్ష్మ కవచజీవులు ఉత్త అడుగు తొట్టిలో తక్కువగా ఉంటాయి. రాస్ చేప మాత్రమే కావాలనుకొంటే మధ్యమార్గం ఒకటి ఉన్నది. లోతైన గాజు పళ్ళెంలో ఇసుక నింపి ఒక మూలన ఉంచితే రాత్రికి అది అక్కడికే చేరుతుంది. ఆ పళ్ళేన్ని అప్పుడప్పుడు బయటకు తీసి కడగవచ్చును.

రోగం వచ్చినప్పుడు

ఇసుక ఇష్టులు కూడా ఒక చోట ఉత్త అడుగునే వాడుతారు. కొత్త చేపను వేరుగా ఉంచే తొట్టి అది. సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చల జబ్బు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వల్ల కలుగుతుంది. అది చేప చర్మంపై కొన్ని దినాలు ఉండి, రాలిపడి, అడుగున గట్టి తిత్తిగా అంటుకొంటుంది. ఆ తిత్తిలో అనేకమై విడివడి తిరిగి చేపను వెతుకుతుంది. ఇసుక ఉన్నచో తిత్తులను ఏరడం అసాధ్యం. ఉత్త అడుగున రుద్ది కడగవచ్చును. చేపను 72 గంటలకొకసారి శుభ్రమైన, ఆరిన తొట్టిలోకి మారుస్తూ పోతే మందు లేకుండానే జబ్బు వదిలే పద్ధతి ఒకటి ఉన్నది. నాలుగు మార్పులతో అది పూర్తవుతుంది. రాగి మందు వాడదలచినా ఇసుక అడ్డమే, కాల్షియం కార్బొనేటు రాగిని పీల్చుకొని మోతాదును తారుమారు చేస్తుంది.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా చెప్పుకోవాలి. పంపులు ఆగితే నీటిలో ఆమ్లజని తగ్గుతూ పోతుంది. లోతు ఇసుకలోని కోట్ల జీవులు కూడా ఆ ఆమ్లజనినే వాడుకొంటాయి గనుక తరుగుదల వేగవంతమవుతుంది. ఉత్త అడుగున ఆ పోటీ తక్కువ. రెండింటికీ బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పనిసరి.

ఉత్త అడుగు తొట్టిలో ఎదురయ్యే చిక్కు మరొకటి మితిమీరిన శుభ్రత. పెద్ద స్కిమ్మరు, తక్కువ చేపలు, కొసరిన మేత కలిసి నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు పడిపోతే, జిగురు తీగల వంటి డైనోఫ్లాజెల్లేటులు అడుగంతా అలుముకోవడం తరచుగా చూస్తున్నదే. అప్పుడు చేయవలసినది మేత కొంచెం పెంచడమే గాని ఇంకా కడగడం కాదు.

ఉన్న ఇసుకను తీసివేయడం

ఇక్కడ వ్యాసకర్త చేసిన తప్పు చెప్పక తప్పదు. ఆరేళ్ళ పాత ఇసుక పరుపును ఒక ఆదివారం నాడు చెంబుతో తోడి బకెట్లకు ఎత్తినాను. చేపలు తొట్టిలోనే ఉన్నవి. నీరు నల్లబడి, ఇల్లంతా కోడిగుడ్డు కంపు కొట్టినది. సాయంత్రానికి తేటపడినదని సంతోషించాను. తెల్లవారేసరికి ఏడు చేపలలో ఆరు వెల్లకిలా పడి ఉన్నవి. వాటిలో నాలుగేళ్ళుగా నా చేతి నుండి మేత అందుకొన్న క్లౌన్ జంట ఉన్నది. చంపినది హైడ్రోజన్ సల్ఫైడు ఒక్కటేనని అనలేను. ఒక్కసారిగా తరిగిన ఆమ్లజని, రేగిన అమ్మోనియా కూడా తోడై ఉంటాయి.

పలుచని ఇసుకయితే నాలుగు భాగాలుగా ఊహించుకొని, నీరు మార్చే ప్రతిసారి ఒక భాగాన్ని మాత్రమే తీయాలి. రెండు తడవల మధ్య రెండు మూడు వారాల ఎడం ఉండాలి. తోడరాదు, కెలకరాదు. లావుపాటి గొట్టాన్ని ఇసుకకు ఆనించి నీటితోపాటు పీల్చి నేరుగా బకెట్టులోకి వదలాలి. ఆ నీటిని తిరిగి తొట్టిలో పోయరాదు. స్కిమ్మరు నడుస్తూ ఉండాలి, బొగ్గు సంచి ఒకటి ఒరవడిలో వేలాడదీయాలి. ప్రతి తడవ తరువాత మూడు దినాలు అమ్మోనియా పరీక్ష చేసి, జాడ కనబడితే తరువాతి భాగాన్ని వాయిదా వేయాలి. ఐదు సెంటీమీటర్లకు మించిన పాత పరుపయితే ఈ విధం కూడా పనికిరాదు. చేపలను, రాళ్ళను ముందుగానే వేరే తొట్టిలోకి, పాత నీటిలో సగం, కొత్త ఉప్పునీరు సగం కలిపి, గాలి పంపుతో మార్చాలి. ఆ తరువాతనే ఇసుకను ముట్టుకోవాలి. ఖాళీ తొట్టిని మంచినీటితో కడిగి ఆరబెట్టి, రాళ్ళను తిరిగి పెట్టేముందు ఒక్కొక్కదానిని ఉప్పునీటి బకెట్టులో ముంచి ఝాడించినచో వాటి రంధ్రాలలోని మడ్డి ఎంత ఉన్నదో కూడా తెలుస్తుంది.